ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు ఎవరు చదవాలని రాస్తున్నాం?

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా స్టాఫ్ రూమ్ బల్లల మీద ప్రాజెక్టు రిపోర్టుల డ్రాఫ్టులు గుట్టలు పడతాయి. పోయిన మార్చిలో నా వంతుకొచ్చిన వాటిలో ఒకటి, రొయ్యల గుంటల నీటి పరీక్షల కోసం నలుగురు పిల్లలు చేసిన యాప్ గురించి. తెరవగానే హార్డ్‌వేర్ అవసరాల పేజీ కనబడింది. పెంటియం ఫోర్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 40 జీబీ హార్డ్ డిస్క్, 512 ఎంబీ ర్యామ్, 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవ్, 15 అంగుళాల వీజీఏ కలర్ మానిటర్, లాజిటెక్ మౌస్. ఈ పిల్లలు 2004 ప్రాంతంలో పుట్టినవాళ్లు. ఫ్లాపీ డిస్కుని కళ్లతో చూసి ఉండరు. వాళ్ల యాప్ నడిచేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఈ పేజీని పరిచయం చేయక్కర్లేదు. దాని పక్కనే ఉండే ఫీజిబిలిటీ స్టడీ, అంటే ఈ పని సాధ్యమేనా అని చూసే అధ్యాయం, కూడా అంతే: ఎకనామికల్ ఒక పేరా, టెక్నికల్ ఒక పేరా, సోషల్ ఒక పేరా. లైబ్రరీ యాప్‌కైనా, గుండెజబ్బుని ముందే కనిపెట్టే మోడల్‌కైనా అవే మూడు పేరాలు. పెళ్లి శుభలేఖల మాదిరి, అచ్చు ఒకటే, పేర్లూ తేదీలూ మార్చుకుంటే చాలు.

దీనికి పిల్లల్ని తిట్టేవాళ్లు చాలామంది. కాపీ కొట్టారు, బద్ధకం, శ్రద్ధ లేదు అని. నేను అలా అనుకోవడం లేదు. మనం అడిగిన అధ్యాయాలన్నీ అలాంటివే. ఏ ప్రాజెక్టుకైనా సరిపోయే ప్రశ్న వేస్తే ఏ ప్రాజెక్టుకైనా సరిపోయే జవాబే వస్తుంది. మనం అడగనిది ఒకటుంది. మొదట ఏం చేద్దామనుకున్నారు? అది ఎక్కడ, ఎందుకు కుదరలేదు? దాని బదులు ఏం చేశారు? ఆ నిర్ణయం ఎవరిది, దేన్ని చూసి తీసుకున్నారు? రిపోర్టు అంటే ముందు ఇదే కావాలని నా వాదన. ఎక్కువ పేజీలు దీనికే ఇవ్వాలి, ఎక్కువ మార్కులు దీనికే పడాలి. మిగతా వంద పేజీల్ని ఇరవైకి కుదించినా ఎవరికీ నష్టం లేదు.

గుంట గట్టు మీద జరిగిన ప్రాజెక్టు

వాదన గాల్లో ఉండకూడదు కాబట్టి ఆ రొయ్యల యాప్ కథ కాస్త వివరంగా చెప్తాను.

నలుగురిలో ఒకబ్బాయిది కావలి దగ్గర సముద్రం వారన ఒక పల్లె. వాళ్ల నాయనకి గుంటలున్నాయి. వనామీ రొయ్యకి 2009లో అనుమతి వచ్చాక మన తీరమంతా ఎలా మారిందో ఇక్కడివాళ్లకి నేను చెప్పేదేముంది. గుంటలున్న ఇంట్లో అందరికీ ఉండే భయం తెల్లవారుజాముది. పగలు ఎండకి నీళ్లలోని సూక్ష్మమైన పాచి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక రొయ్యలతో పాటు ఆ పాచి కూడా ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడుతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లారేముందు అన్నిటికంటే తక్కువకి దిగుతుంది. లీటరుకి నాలుగు, మూడు మిల్లీగ్రాముల దగ్గరికొస్తే ప్రమాదం. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు చాలకపోతే, కరెంటు పోయి జనరేటర్ వేసేవాడు నిద్రపోతే, పంట పోయినట్టే.

ఆ బెంగే ప్రాజెక్టయింది. గుంటలో ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్, అంటే ప్రోబ్ పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో రీడింగులు క్లౌడుకి పంపి, ఫోన్‌లో చూపించాలి. డ్రాఫ్టు మొదటి పేజీలో అదే ఉంది: రియల్ టైమ్‌లో, అత్యంత కచ్చితత్వంతో, ఎక్కడినుంచైనా గుంటని గమనించగలిగే వ్యవస్థ.

"నిజంగా రియల్ టైమేనా?" అని అడిగాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి గుంటలవాళ్ల అబ్బాయి అన్నాడు: "లేదు సార్. ప్రోబు కొన్నాళ్లే పనిచేసింది. తర్వాత తీసేశాం."

ఆ తర్వాత ఒక గంటసేపు నేను విన్నది ఇంజనీరింగు. ప్రోబ్ మొదట్లో బాగానే చూపించింది. పోను పోను చేతి మీటరు ఒకటి చెబితే ప్రోబ్ ఇంకోటి చెప్పడం మొదలుపెట్టింది. తీసి చూస్తే ముందున్న పలచటి పొర మీద జిగురుగా పాచి. తుడిచి పెడితే సరిగ్గా చూపించేది, మళ్లీ పేరుకునేది. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పట్టాయి. దూరపు గుంటల దగ్గర ఫోన్ మాట్లాడొచ్చు గానీ ఇంటర్నెట్ నిలవదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్న, అంకె పడిపోయినప్పుడు పడిపోయింది గుంటలో ఆక్సిజనా, లేక ప్రోబ్ పనితనమా? తెల్లవారుజామున మూడింటికి ఆ సందేహంతో ఉన్న యంత్రం వల్ల రైతుకి ఒరిగేది లేదు.

అందుకని వాళ్లు ప్రోబ్‌ని వదిలేశారు. చేతి మీటరుతో కాపలా మనిషి కొలవాలి, ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్‌లో ఎక్కించాలి, ఇంటికొచ్చి నెట్ తగలగానే అది సర్వర్‌కి పోవాలి. అలర్టు సంగతి అబ్బాయి వాళ్ల నాయన తేల్చేశాడట. "తెల్లారుజామున తెర మీద గీతలెవరు చూస్తార్రా? మోగాల. లేచేదాకా మోగాల." దాంతో మూడింటి రీడింగు ఎక్కించకపోతే ఆగకుండా మోగే అలారం పెట్టారు. క్లౌడూ గ్రాఫులూ ఉన్న మొదటి ప్లాను కంటే ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ గుంట గట్టు మీద నిలబడి తీసుకున్న నిర్ణయం ఇది.

ఇంకోటి కూడా జరిగింది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. ఒకరోజు రెండో గుంటకి తెల్లవారుజామున 3.1 వచ్చింది. కాపలా మనిషి తన ఫోన్‌లో ఎక్కించాడు. ఏడింటికి నాయన ఇంకోసారి కొలిచి, తన ఫోన్‌లో 5.2 ఎక్కించాడు. రెండు ఫోన్లూ సర్వర్‌తో కలిసినప్పుడు, అదే గుంట, అదే రోజు, "ఉదయం" అనే గడి కాబట్టి చివర వచ్చింది ముందుదాన్ని చెరిపేసింది. 5.2 మిగిలింది. ఆ రోజు పనికొచ్చే ఒకే ఒక్క అంకె పోయింది. తర్వాత పిల్లలు డేటాబేస్‌ని మార్చారు: ఏ రీడింగునీ చెరపకూడదు, ఎవరు ఎన్నింటికి కొలిచారో దాంతో పాటే ఉండాలి, రెండూ ఉంటే రెండూ చూపించాలి.

ఇప్పుడు డ్రాఫ్టులో టెస్టింగ్ అధ్యాయం చూడండి. యూనిట్ టెస్టింగ్ అంటే ఏమిటి, ఇంటిగ్రేషన్ టెస్టింగ్ అంటే ఏమిటి, నిర్వచనాలు. కింద ఒక పట్టిక. లాగిన్ పాస్, లాగౌట్ పాస్, రిజిస్ట్రేషన్ పాస్. 3.1 ఊసే లేదు. ప్రోబ్ ఊసు ఉంది గానీ పనిచేస్తున్నట్టు ఉంది.

"అది రాస్తే మార్కులు పోతాయి సార్"

అదంతా ఎందుకు రాయలేదని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు ఇది. దాన్ని నేను కొట్టిపారేయలేను. వైవా రోజు పొద్దున వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సాయంత్రంలోపు బోలెడన్ని బ్యాచీల్ని చూడాలి. ఆయన చేతిలో రిపోర్టు ఉండేది నిమిషాల లెక్కన. స్క్రీన్ షాట్లు తిప్పుతారు, అవుట్‌పుట్ వచ్చిందా అంటారు. ఆ కాస్త సమయంలో "ఇక్కడ మా ప్లాను కుదరలేదు" అన్న వాక్యం కంటపడితే ఏమనుకుంటారు? పిల్లల భయం అనుభవం నేర్పిన భయమే. నాలుగేళ్లుగా ల్యాబ్ రికార్డుల్లో రాని రీడింగుని వచ్చినట్టు రాయడం మనమే అలవాటు చేశాం. చివరి సెమిస్టర్లో ఒక్కసారిగా నిజం రాయమంటే ఎలా నమ్ముతారు?

తోటి లెక్చరర్ ఒకాయన ఇంకో అభ్యంతరం చెప్పాడు. "మీరు కుదరనివి రాస్తే మార్కులంటే, ఏ పనీ చేయనివాడు కూడా నాలుగు కష్టాల కథలు అల్లుకొస్తాడు. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కొచ్చినవాడికి ఇంకా సులువు." ఈ మాట మీద చాలా ఆలోచించాను. అల్లుకొస్తాడు, నిజమే. కానీ అబద్ధపు విజయం రాయడం కంటే అబద్ధపు వైఫల్యం రాయడం కష్టం. "సిస్టమ్ సమర్థంగా పనిచేసింది" అన్న వాక్యాన్ని పట్టుకుని అడగడానికి ఏమీ దొరకదు. "ప్రోబ్ మీద పాచి పేరుకుంది" అన్న వాక్యం మీద పది ప్రశ్నలు పుడతాయి. ఎలా కనిపెట్టారు, దేనితో పోల్చారు, తుడిస్తే ఏమైంది, ఫొటో ఉందా, ఆ వారం కోడ్‌లో ఏం మార్చారు? గుంట మొహం చూడనివాడు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. కొన్న ప్రాజెక్టుని పట్టుకోవడానికి నాకు తెలిసిన దారుల్లో ఇదే గట్టిది.

మూడో అభ్యంతరం ఎవరూ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకున్నది. రిపోర్టంటే డైరీ కాదు. చదివేవాడికి కావలసింది చివరికి తయారైన వస్తువు ఎలా ఉందన్నది, మీరు ఎన్నిసార్లు తడబడ్డారన్నది కాదు. 1986లో సాఫ్ట్‌వేర్ పరిశోధకులు డేవిడ్ పార్నస్, పాల్ క్లెమెంట్స్ కలిసి రాసిన పేపర్ ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఎవ్వరూ పద్ధతి ప్రకారం వరసగా కట్టరు, అయినా డాక్యుమెంటు మాత్రం పద్ధతి ప్రకారం కట్టినట్టే ఉండాలి, అదే చదివేవాళ్లకి మేలు అని వాళ్ల వాదన. మొదట చదివినప్పుడు నా అభిప్రాయానికి ఇది ఎదురు దెబ్బలా అనిపించింది. కానీ అదే పేపర్లో ఇంకో మాట ఉంది: పరిశీలించి వదిలేసిన ప్రతి ప్రత్యామ్నాయాన్నీ, ఎందుకు వదిలేశారో కారణంతో సహా రాసిపెట్టాలి. నేను అడుగుతున్నదీ అంతే. ఏ రోజు ఎవరు అలిగారో నాకక్కర్లేదు. ప్రోబ్‌ని ఎందుకు పెట్టాలనుకున్నారు, ఎందుకు తీసేశారు, ఇది కావాలి.

శ్రీహరికోట పక్కన ఉన్నవాళ్లం

2022లో జిల్లాలు విడదీశాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, అంతకుముందు దాకా నెల్లూరు జిల్లాదే. రాకెట్టు పోతోందంటే ఇప్పటికీ మేడలెక్కి చూస్తాం. పిల్లలకి నేను చెప్పే ఉదాహరణ అక్కడిదే.

2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో చేసిన రాకెట్టు ఎస్ఎస్ఎల్‌వీ మొదటిసారి లేచింది. మూడు ఘన ఇంధన దశలూ సరిగ్గా మండాయి. ఉపగ్రహాలు మాత్రం 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకి బదులు, ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగిపోయే కక్ష్యలో పడ్డాయి. అక్కడ నిలవడం అసాధ్యం. ఇస్రో ఆ రోజే ఆ సంగతి బయటపెట్టింది. తర్వాత కారణం కూడా వివరంగా చెప్పింది. రెండో దశ విడిపోయేటప్పుడు క్షణకాలం గట్టిగా వచ్చిన కుదుపుని చూసి, సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ లాజిక్ తీర్మానించేసుకుంది. నిజానికి సెన్సర్లకేమీ కాలేదు. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్ఎస్ఎల్‌వీ తన ఉపగ్రహాల్ని సరైన కక్ష్యలో పెట్టింది.

ఇది చెప్పినప్పుడు గుంటలవాళ్ల అబ్బాయి ముఖం వెలిగింది. "మా ప్రోబ్ కథే కదా సార్ ఇది!" అన్నాడు. అవును. చెడింది సెన్సరా, లేక బయట నిజంగానే ఏదో జరుగుతోందా అన్న ప్రశ్న రాకెట్టుకీ ఉంది, రొయ్యల గుంటకీ ఉంది. దేశం మొత్తం చూస్తుండగా జరిగిన వైఫల్యాన్ని రాసుకోవడానికి వాళ్లు వెనకాడనప్పుడు, వైవా గదిలో నలుగురి ముందు మనం ఎందుకు వెనకాడాలి?

లావుపాటి రిపోర్టు మంచి రిపోర్టనుకునేవాళ్లకి ఇంకో ఉదాహరణ చెప్తాను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటి రాకెట్టు లేచిన 40 సెకన్లకల్లా ముక్కలైపోయింది. ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి కుదించేచోట ఆ సంఖ్య పట్టలేదు. అక్కడ రక్షణ పెట్టకుండా వదిలేయడం ఎవరో పరాకుగా చేసిన పని కాదు. అందరూ కలిసి, కారణంతో తీసుకున్న నిర్ణయం. విచారణ సంఘం జులైలో ఇచ్చిన నివేదికలో నన్ను పట్టుకున్న విషయం ఇక్కడుంది. ఆ కారణం కోడ్‌లో ఎక్కడా రాసి లేదు, పేరుకున్న డాక్యుమెంట్ల రాశిలో అది బయటినుంచి చూసేవాళ్ల కంటికి ఆనకుండా పోయింది. కాగితాలకి కొరత లేదు. ఉండాల్సిన ఒక్క వాక్యం ఉండాల్సినచోట లేదు, అంతే. మన రిపోర్టుల్లో యూఎంఎల్ డయాగ్రమ్‌లు, జావా చరిత్ర, ఆండ్రాయిడ్ చరిత్ర కలిపి ఎన్ని పేజీలుంటాయో లెక్కేసుకుంటే, ఆ ఒక్క వాక్యానికి చోటెక్కడ మిగులుతుంది?

ఎవరు ఏం చేశారు

గ్రూపు ప్రాజెక్టులో అన్నిటికంటే సున్నితమైన విషయం ఇది. సర్టిఫికెట్ పేజీలో నాలుగు పేర్లూ ఒకే వరసలో ఉంటాయి. పనిలో అలా ఉండవని అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

దీనికి కొందరు చెప్పే మందు గిట్. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది, అందులో నమోదయ్యే ఒక్కో మార్పునీ కమిట్ అంటారు. షార్ట్‌లాగ్ అనే కమాండ్ కొడితే ఎవరి పేరు మీద ఎన్ని కమిట్లో వచ్చేస్తుంది, దాన్నిబట్టి మార్కులేయొచ్చు అంటారు. ఈ బ్యాచిలో అది కొడితే ఏం వచ్చింది? ఒకబ్బాయి పేరు మీద దాదాపు అంతా. సర్వర్ పని చేసిన అబ్బాయి పేరు మీద కొంచెం. మిగతా ఇద్దరికీ ఏమీ లేదు.

ఆ ఏమీ లేని ఇద్దరిలో ఒకరు గుంటలవాళ్ల అబ్బాయి. 3.1 పోయిందని పట్టుకున్నది అతనే. సెలవులకి ఇంటికి పోయినప్పుడు నాయన నోటుపుస్తకం పక్కన పెట్టుకుని యాప్‌లో అంకెలతో ఒక్కొక్కటే సరిచూశాడు. మొత్తం ప్రాజెక్టులో అతి ముఖ్యమైన తప్పు అలా బయటపడింది, ఒక్క లైను కోడ్ రాయకుండా. అది గిట్‌లో ఎక్కడ పడుతుంది?

రెండో వ్యక్తి, గ్రూపులో ఒకే ఒక్క అమ్మాయి. "డాక్యుమెంటేషన్ ఈ అమ్మాయి చేసింది సార్" అన్నారు మిగతావాళ్లు, చిన్న పనిని చెప్పినట్టు. ఏటా చూస్తున్నాను, గ్రూపులో అమ్మాయి ఉంటే రిపోర్టు ఆ అమ్మాయి నెత్తినే పడుతుంది. నీ ఇంగ్లీషు బాగుంటుంది, నువ్వు నీట్‌గా చేస్తావు అంటారు. ఆ మెచ్చుకోలుతో కోడ్ ముట్టుకునే అవకాశం ఆ అమ్మాయికి పోతుంది. ఇది అన్యాయం, దీన్ని గైడ్లుగా మనం మొదటి రివ్యూలోనే ఆపాలి. అయితే ఈ అమ్మాయిని అలారం మూడింటికే ఎందుకు, రెండింటికి ఎందుకు కాదు అని అడిగితే నలుగురిలో గడగడా చెప్పింది ఆమే. రాయాలంటే అందరినీ అడగాలి, అడిగితే అంతా తెలుస్తుంది. రాసే పనిని నలుగురూ పంచుకుంటే ఆ తెలివిడి నలుగురికీ వస్తుంది.

అందుకే అంకెలతో కాకుండా మాటలతో రాయమన్నాను. ఒక్కొక్కరు ఒక పేజీ. నేను చేసింది ఇది, నేను చేద్దామనుకుని చేయలేకపోయింది ఇది, నా పనిలో ఫలానా భాగానికి ఫలానావాళ్ల సాయం తీసుకున్నాను. కింద మిగతా ముగ్గురూ చదివామని సంతకం పెట్టాలి. బలమైనవాడు మిగతావాళ్ల పని మింగేయకుండా ఆ సంతకాలు అడ్డుపడతాయి.

ఇందులో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే సందేహం ఒకటుంది. నిజంగానే ఏమీ చేయనివాడు ఉంటే? ఆ పేజీ వాడిని బయట పడేస్తుంది. కొందరు చేయకపోవడానికి కారణాలుంటాయి. ఇంట్లో జబ్బు మనిషి, సాయంత్రమైతే కూర్చోవాల్సిన కొట్టు, రోజూ ఊరి నుంచి బస్సులో రాకపోకలు. స్నేహితులు వాడి భారం మోసి పేరు కలిపారంటే అందులో మంచితనం ఉంది, దాన్ని దొంగతనం అనలేను. అలాంటప్పుడు ఆ పేజీలో చేసిన కొంచెమే రాయమంటాను. రిపోర్టులోకి రాని కారణాలు గైడ్‌కి విడిగా చెప్పుకోవచ్చు. ఇది పూర్తి పరిష్కారం కాదు. కానీ నాలుగు పేర్లు ఒకే వరసలో పెట్టి ఊరుకోవడం కంటే నయం.

పోలిక పరీక్షలూ చాట్‌జీపీటీ

కాపీని అరికట్టడానికి యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. మంచి ఉద్దేశంతో వచ్చిన నిబంధనే. కాలేజీల్లో దాని ఫలితం మాత్రం పాత పేరాల్లో మాటలు అటూ ఇటూ మార్చడం వరకే వచ్చి ఆగింది. సాఫ్ట్‌వేర్ పట్టుకునేది ఎత్తుకొచ్చిన మాటల్ని. సొంత మాటల్లో రాసిన డొల్లని అది పట్టుకోలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ అటూ ఇటూ మార్చే పని కూడా పోయింది. "ఎగ్జిస్టింగ్ సిస్టమ్ లోపాలు రాయి" అంటే చక్కటి ఇంగ్లీషులో రెండు పేజీలు చేతిలో పెడుతుంది. పిల్లలు దాన్ని వాడొద్దని నేను అనను. రేపు ఉద్యోగంలో వాడతారు. కానీ ఒక బటన్ నొక్కితే వచ్చే అధ్యాయానికి మార్కులెందుకు వేయాలి? దానికి తెలియనిది వీళ్ల గుంట. ప్రోబ్ మీద జిగురు వేలికి ఎలా తగిలిందో, నాయన ఏమన్నాడో, 3.1 ఏ పూట పోయిందో వీళ్లు చెబితే తప్ప దానికి తెలియదు. ఆ యంత్రం వచ్చాక రిపోర్టుకి కాలం చెల్లిందనేవాళ్లతో నేను ఒప్పుకోను. కాలం చెల్లింది ఫీజిబిలిటీ స్టడీకి.

వాళ్లు రాసింది

ఏప్రిల్లో గడువు దగ్గర పడ్డాక ఆ బ్యాచిని కూర్చోబెట్టి, ముందు మీ వాట్సాప్ గ్రూపు వెనక్కి తిప్పి చదవండి అన్నాను. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. అది రిపోర్టులో పెట్టక్కర్లేదు, నాకు చూపించక్కర్లేదు, వాళ్ల మాటలు వాళ్లవి. "ప్రోబు తీసేద్దాం రా" అన్న మెసేజి ఏ తేదీదో చూసి, ఆ వారం కమిట్లు పక్కన పెట్టుకుంటే ఏం మారిందో దానంతటదే కనబడుతుంది. నెలలు గడిచాక జ్ఞాపకం మీద రాస్తే అన్నీ ముందే తెలిసి చేసినట్టు వస్తుంది. చాట్‌లో అప్పటి అయోమయం అలాగే ఉంటుంది.

రెండోది, మొదట తెలుగులో రాయమన్నాను. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వాలి, తప్పదు. కానీ సూటిగా ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి వచ్చేవి ఆ పాత వాక్యాలే. గుంటలవాళ్ల అబ్బాయి తెచ్చిన కాగితంలో ఇలా ఉంది:

"మా నాయన పుస్తకంలో రెండో గుంటకి తెల్లారుజామున 3.1 అని ఉండాది. యాప్‌లో 5.2 ఉంది. మొదట పుస్తకంలో తప్పు రాశాడనుకున్నా. కాపలా ఆయన్ని అడిగితే కొలిచింది నేనే, ఎక్కించింది నేనే అన్నాడు. అప్పుడు అర్థమయింది, పొద్దున ఎక్కించింది దీన్ని చెరిపేసింది. 3.1 లేకపోతే ఆ రాత్రి ఏరియేటర్లు చాల్లేదని మాకు తెలిసేది కాదు. ఇంక ఏ రీడింగూ చెరపకూడదని నలుగురం అనుకున్నాం."

నాలుగేళ్లలో అతను రాసిన వాటిలో నేను చదివిన మంచి పేరా ఇదే. దాన్ని ఇంగ్లీషులోకి వాళ్లే మార్చుకున్నారు. పొట్టి పొట్టి వాక్యాలు, అక్కడక్కడా వ్యాకరణం కుంటుతుంది. నేను దిద్దలేదు. ఫ్లాపీ డ్రైవ్ పేజీ తీసేసి, యాప్ నిజంగా నడిచిన రెండు ఫోన్ల వివరాలు పెట్టారు.

వైవాలో ఏం జరిగిందని అడుగుతారు. ఎక్స్‌టర్నల్ ఆ అధ్యాయం నుంచి రెండు ప్రశ్నలు వేశారు, తర్వాత స్క్రీన్ షాట్లు చూశారు. మార్కులు మిగతా మంచి బ్యాచీలకి వచ్చినట్టే వచ్చాయి. ఎక్కువ రాలేదు, తగ్గలేదు. తగ్గలేదన్నది పిల్లలకి చెప్పడానికి నాకు చాలు. ఎక్కువ రావాలంటే మార్కుల పట్టికలోనే ఈ అధ్యాయానికి చోటుండాలి. కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ కోసం మనం నింపే పత్రాల్లో బృందంలో పనిచేయడం, రాతలో చెప్పగలగడం అని ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు, అంటే చదువు పూర్తయ్యేసరికి పిల్లలకి రావాల్సినవి, ఉన్నాయి కదా. వాటికి ఆధారంగా చూపించడానికి ఇంతకంటే మంచి పత్రం ఏముంటుంది?

జులైలో జూనియర్ల బ్యాచి ఒకటి ఇదే పనిని ముందుకు తీసుకుపోతామని వచ్చింది. ప్రోబ్‌ని తుడిచే చిన్న బ్రష్‌ని మోటారుతో తిప్పితే పాచి ఆగుతుందేమో చూడాలని వాళ్ల ఆలోచన. లైబ్రరీ బీరువాలోంచి రిపోర్టు తీయించి ఇస్తే, ఆ ఒక్క అధ్యాయం ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నారు. కాబట్టి ఇప్పుడు మా డిపార్ట్‌మెంటుని అడుగుతున్నది ఒకటే: ప్రతి బ్యాచి రాసిన ఈ అధ్యాయాన్ని ల్యాబ్ సర్వర్‌లో అందరూ తెరిచి చూసుకునేలా పెడదాం. హెచ్‌ఓడీ గారు సరేనన్నారు, పిల్లలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే.

ముగ్గురు ఒప్పుకున్నారు. సర్వర్ పని చేసిన అబ్బాయి ఒప్పుకోలేదు. రీడింగుని చెరిపేసిన కోడ్ అతనిది. "రేపు కంపెనీవాళ్లెవరైనా చూస్తే డేటా పోగొట్టినోడంటారు సార్" అన్నాడు. అతని భయాన్ని తేలిగ్గా తీసుకోలేను. ఆ తప్పుని సరిచేసిందీ అతనే అని అధ్యాయంలో స్పష్టంగా ఉన్నా, ఉద్యోగమిచ్చేవాళ్లు అక్కడిదాకా చదువుతారన్న హామీ నేను ఇవ్వలేను. కాలేజీ కాపీలో పేర్లుంటాయి, సర్వర్‌లో పెట్టేదాంట్లో ఎవరి పేరూ లేకుండా పెడదామన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. అతను సరేననేదాకా పెట్టను.